మాస్టారు ఆగే చోటు

శనివారం పొద్దున్న ఏడుంబావుకి మాస్టారి ఫోను నుంచి కాల్ వచ్చింది. పన్నెండో పాఠం మిగతా సగం ఆ రోజే తీయాలి. ఎన్నింటికి రమ్మంటారో చెప్పడానికే చేశారనుకుని, "కెమెరా సర్దేశాను సార్" అన్నాను, ఆయనేమీ అనకముందే. అవతల అమ్మగారు. "బాబూ, మాస్టారు ఎల్లిపోనారు" అన్నారు. ఫోను పెట్టేయాలని ఇద్దరికీ తోచలేదు. వెనక ఎవరో కుర్చీలు జరుపుతున్న చప్పుడు కాసేపు వినిపించింది.

టెక్కలిలో ముప్పై ఏళ్ళు భూగోళశాస్త్రం చెప్పిన మనిషి. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, ఈ నాలుగు మాటలు నిజానికి వాళ్ళు రాయాలి. నేను ఆయన శిష్యుణ్ణి కాను. పదో తరగతి దాటలేదు. మైకు సెట్టు మోసి, తరువాత పెళ్ళి వీడియోలు తీసి, వాటిని కోసి అతికించే పని కంప్యూటరు ముందు కూర్చుని నాకు నేనే నేర్చుకున్నవాణ్ణి. అయితే చివరి పద్నాలుగు నెలలు ఆయన గొంతు నా చెవిలో ఉన్నంతసేపు ఇంకెవరి చెవిలోనూ ఉండి ఉండదు. సమాధుల తోటలో పాస్టరు గారు "ఎవరైనా రెండు మాటలు చెప్తారా" అని అడిగినప్పుడు నేను ఒక అడుగు వెనక్కి వేశాను. నలుగురిలో నాకు మాట రాదు. అక్కడ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. చెప్పి తీరవలసింది ఒకటుంది. నా వల్ల ఆయనకు ఒక నష్టం జరిగింది.

ఆయన మొదటిసారి నా షాపుకి వచ్చింది కిందటేడు జీడితోటలు పూత మీదున్నప్పుడు. టెక్కలి బస్టాండు వెనక మేడ మీద నా షాపు. మెట్లెక్కి వచ్చి చాలాసేపు గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. ఊపిరి అందాక అడిగారు.

"పెళ్ళిళ్ళు తీత్తావంట?"

"తీస్తాను సార్. ఎవరిదండీ?"

"పెళ్ళి కాదు, పాఠం. పెళ్ళికూతుర్ని నానే. కాసింత తెల్లగా తియ్యి."

అప్పుడు విషయం చెప్పారు. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఒక విశ్వవిద్యాలయం వారి దూరవిద్య డిగ్రీలో తీర ప్రాంతపు భూగోళం అనే పేపరు ఆయన చెబుతున్నారు. తరగతి గది లేదు, అంతా కంప్యూటరులోనే. పన్నెండు పాఠాలు. అప్పటివరకు ఆ పాఠాలు అచ్చు కాగితాల్లాగే సైటులో ఉండేవి, విద్యార్థులు తెరిచి చదువుకునేవారు. ఇకమీదట ప్రతి పాఠానికి వీడియో, ఆడియో ఉండాలని, విద్యార్థి దాన్ని దించుకోనక్కరలేకుండా నేరుగా చూసేలా, వినేలా పెట్టాలని వాళ్ళు ఉత్తరం రాశారు. వచ్చే ఏడాది వేసవిలోగా పన్నెండూ ఇవ్వకపోతే ఆ పేపరే తీసేస్తారు.

"స్ట్రీమింగ్ అంటారు. బిందెతో తెచ్చుకోడం కాదు, కుళాయి కింద దోసిలి పట్టడం" అని ఆయన నాకు చెప్పారు. నాకు ఆ ముక్క అంతకుముందే తెలుసు. తెలుసని చెప్పలేదు. ఆయన చెబుతుంటే బాగుంది.

ఆ పేపరు తీసుకునేది ఎక్కువగా మనవైపు వాళ్ళేనట. ఉద్దానం వాళ్ళు, పలాస జీడి బట్టీల్లో పనిచేసే ఆడవాళ్ళు, సముద్రం ఒడ్డు ఊళ్ళవాళ్ళు. "ఆల ఇసక గురించి, ఆల నీళ్ళ గురించి ఆలకి ఒక్క పేపరున్నాది. అదీ తీసెత్తే ఇంకేటుంటాది?" అన్నారు. ఆయనకి మూత్రపిండాల జబ్బు. ఆ జబ్బు ఊరూరా ఉన్న ఉద్దానంలో పుట్టిన మనిషి. సోమ, బుధ, శుక్రవారాలు పలాసలో డయాలసిస్. ఆదివారం చర్చి. మిగిలేవి మంగళ, గురు, శనివారాలు. వాటిలోనే పాఠాలు తీయాలి. మెట్లు దిగబోతూ వెనక్కి తిరిగి, "పన్నెండూ అయిపోతే సాలు నాయనా. పదమూడోది అడగను" అన్నారు. ఎవరిని అడగనంటున్నారో అప్పుడు అర్థం కాలేదు.

వాళ్ళింటి ముందుగదిలో తీసేవాళ్ళం. రోడ్డు మీది లారీల హారన్లు రాకుండా కిటికీలకి బొంతలు కట్టాను. ఫ్యాను ఆపాలి, లేకపోతే మైకులో హోరు. అమ్మగారు ప్రతిసారీ ఇస్త్రీ చొక్కా తొడిగి పంపేవారు, పావుగంటలో అది వీపుకి అతుక్కుపోయేది. ఆయన తాగవలసిన నీళ్ళు రోజుకి ఇంత అని డాక్టరు కొలత పెట్టారు. అమ్మగారు పొద్దున్నే ఆ నీళ్ళు ఒక చెంబులో పోసి మూత పెట్టేవారు. అందులోంచే మందులకి, అందులోంచే గొంతు తడుపుకోడానికి. పాఠం మధ్యలో నాలుక పిడచకట్టుకుపోతే తడిగుడ్డతో పెదవులు అద్దుకుని మళ్ళీ మొదలుపెట్టేవారు. నా కోసం మాత్రం పక్కన పెద్ద గ్లాసు నిండా మజ్జిగ ఉండేది. ఆయన ఎదురుగా అది తాగడం నాకు చేతనయ్యేది కాదు. "తాగోయ్, నువ్వు తాగితే సూడ్డానికైనా సల్లగుంటాది" అనేవారు.

మొదటి పాఠం ఆయన అచ్చు పుస్తకంలా చెప్పారు. తీరమనగా నేల, నీరు కలియు ప్రదేశము, అలా. సైటులో పెట్టిన మర్నాడే కాంతమ్మ అనే విద్యార్థిని ఫోను చేసింది. ఈమెది భావనపాడు. భర్త గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్తాడు. ఈమె చేపలు ఎండబెడుతుంది. ఎప్పుడో ఇంటర్ దగ్గర ఆగిన చదువు మళ్ళీ అందుకుంది. కూతురు కూడా అదే ఏడు టెక్కలిలో డిగ్రీ చదువుతోంది. మాస్టారు ఫోను స్పీకరు మీద పెట్టారు.

"మాస్టారూ, అది మీరేనేటి మాటాడతన్నది? నాను రేడియోలో వార్తలనుకున్నాను."

"ఎందుకమ్మా, బాగోనేదా?"

"బాగుంది, బాగుంది. ఎవులికో సెప్తన్నట్టు బాగుంది. నాకు సెప్పండి మాస్టారూ. మా పిల్ల నాకంటే ముందు పాసైపోతే ఇంట్లో నన్ను బతకనిత్తాదేటి?"

ఆయన పగలబడి నవ్వారు. రెండో పాఠం నుంచి క్లాసులో ఎలా చెప్పేవారో అలాగే చెప్పారు. మొదటిది కూడా మళ్ళీ చెప్పారు. అదొక్కటే ఆయన ఇష్టపడి రెండోసారి చెప్పిన పాఠం.

నా బాధలు నాకుండేవి. మొదట బొమ్మ బాగా రావాలని పెద్ద సైజులో ఎక్కించాను. ఒక పాఠం ఎక్కడానికి మధ్యాహ్నమంతా పట్టేది, మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికి. తీరా ఎక్కాక ఒడ్డు ఊళ్ళలో సిగ్నల్ చాలక బొమ్మ కదిలేది కాదు, మధ్యలో చక్రం తిరుగుతూ ఉండేది. "మాస్టారి మొకం మీద సుదర్శన సక్రం తిరుగుతంది" అని కాంతమ్మ మళ్ళీ ఫోను. అప్పుడు కూర్చుని నేర్చుకున్నాను. ఒకే పాఠాన్ని మూడు సైజుల్లో తయారుచేసి, ఫోనుకి సిగ్నల్ ఎంత అందితే ఆ సైజు దానంతట అది వచ్చేలా పెట్టాను. నలభై నిమిషాల పాఠాన్ని ఐదు ముక్కలు చేశాను. బొమ్మ అసలే అక్కరలేనివాళ్ళకి మాట ఒక్కటే విడిగా పెట్టాను. ఆడియో విడిగా ఉండాలని మాస్టారే పట్టుపట్టారు. ఇంత కష్టపడి తీసిన బొమ్మని పక్కన పెట్టి మాట ఎవరు వింటారని నాకు లోపల కొంచెం చిన్నతనంగానే ఉండేది.

ఇక నా తప్పు గురించి రాయాలి.

పెళ్ళి వీడియోల పనిలో మాకొక అలవాటుంది. ఎక్కడా నిశ్శబ్దం ఉండకూడదు. తాళి కట్టాక సన్నాయి ఆగితే అక్కడ ఒక పాట వేస్తాం. అత్తారింటికి పంపేటప్పుడు అందరూ మాటలు రాక నిలబడితే అక్కడా పాట వేస్తాం, లేదంటే ఆ ముక్క కోసేస్తాం. టీవీలో చప్పుడు లేకుండా నాలుగు సెకన్లు గడిస్తే పెళ్ళివారు "ఏటి, కేసెట్టు పోయిందేటి" అంటారు. కేసెట్లు పోయి ఇరవై ఏళ్ళయినా ఆ మాట పోలేదు. ఇరవై ఏళ్ళుగా నా చెయ్యి నిశ్శబ్దం కనపడితే కోసేస్తుంది.

మాస్టారు పాఠం చెబుతూ ప్రశ్నలు అడిగేవారు. అడిగి ఆగేవారు. ఎదురుగా నేను, కెమెరా తప్ప ఎవరూ లేరు. అయినా ఎవరో జవాబు చెబుతున్నట్టు తల ఒక పక్కకి వంచి కెమెరా వైపు చూస్తూ ఉండేవారు. తరువాత "అదీ" అనో, "సెబాస్" అనో ముందుకు వెళ్ళేవారు. గొంతు ఎండిపోయి ఆగుతున్నారనుకున్నాను. పెద్దాయన, అలసిపోతున్నారు, అది విద్యార్థులకు తెలియకూడదని కూడా అనుకున్నాను. నా కంప్యూటరులో నిశ్శబ్దాలన్నీ ఒకేసారి వెతికి కోసే సదుపాయం ఉంది. అది నొక్కితే ఊపిరి తీసుకునే చోట్లు సహా అన్నీ పోయాయి. పాఠం చకచకా నడిచింది. సైజు తగ్గింది, ఎక్కించడం తేలికైంది. "నలభై నిమిషాలది ఇరవై తొమ్మిదికి వచ్చింది సార్" అని ఆయనకు గొప్పగా చెప్పాను. "అవునేటి, పెద్ద పనివోడివే" అన్నారు. ఆయన తన పాఠాలు వినేవారు కాదు. "నా గొంతు నాకు నచ్చదు. అద్దంలో ఈపు సూసుకున్నట్టుంటాది" అనేవారు.

అలా ఐదు పాఠాలు కోశాను.

నాకింకో అలవాటు. రోజు చివర ఆ రోజు చేసిన పనేమిటో పుస్తకంలో రాసి, కింద గీత కొట్టి, పూర్తయిన పని తాలూకు, కోయకముందు తీసిన ముడి రికార్డులు కంప్యూటరులోంచి తుడిచేస్తాను. ఉన్నది ఒక్క కంప్యూటరు, దాంట్లో చోటు తక్కువ. ఏ రోజుది ఆ రోజు ముగించకపోతే నాకు నిద్ర పట్టదు. అవి కూడా అలాగే తుడిచేశాను.

తెలిసింది కాంతమ్మ వల్లే. ఈసారి మాస్టారికి కాదు, నాకు ఫోను చేసింది.

"బాబూ, మాస్టారికి వొంట్లో ఎలాగున్నాది?"

"బాగానే ఉన్నారు. ఏం?"

"మరేటి అలాగ తరుముకొచ్చినట్టు సెప్పేత్తన్నారు? కాయితాల్లో ఉన్నప్పుడు ప్రశ్న కాడ ఆగి ఆలోసించుకునీదాన్ని. ఇప్పుడు అడగడమే ఆయన, సెప్పడమే ఆయన. నాను నోరు తెరిసేలోపు సెబాస్ అనేత్తన్నారు. నానేటి సెప్పినానని సెబాస్?"

ఫోను పెట్టేసి నాలుగో పాఠం పెట్టుకుని మొదటిసారి పని చేసేవాడిలా కాకుండా కూర్చుని విన్నాను. అది ఉద్దానం నీళ్ళ పాఠం. ఈ జబ్బు ఇక్కడే ఎందుకు ఇంతమందికి వస్తోంది అని ఆయన అందులో అడుగుతారు. కొంతసేపు ఆగి, "తెలీదు. ఇదీ కారణమని ఇంకా తేలనేదు" అంటారు. మళ్ళీ చాలాసేపు ఆగి, "తెలీదని సెప్పడం కూడా పాఠమే" అంటారు. చెప్పేటప్పుడు గదిలో ఆ ఆగడం ఎంత బరువుగా ఉందో నాకు గుర్తే. నేను చేసినదాంట్లో అది ఇలా ఉంది: ఎందుకొస్తంది తెలీదు ఇంకా తేలనేదు తెలీదని సెప్పడం కూడా పాఠమే. గుక్క తిప్పుకోకుండా, బస్సు కండక్టరు ఊళ్ళ పేర్లు చదివినట్టు.

ఆ శుక్రవారం పలాస వెళ్ళాను. డయాలసిస్ గదిలో వరసగా మంచాలు, మంచానికొక మిషను. మాస్టారి ఎడమచేతికి గొట్టాలు. నాలుగు గంటలు ఆ చెయ్యి కదపకూడదు. పుస్తకం పట్టుకోవడం, పేజీ తిప్పడం కుదరదు. మాట ఒక్కటే విడిగా పెట్టమని ఆయన ఎందుకు పట్టుపట్టారో అక్కడ స్టూలు మీద కూర్చున్నాక తెలిసింది. పక్క మంచం మీద కవిటి వైపు కొబ్బరి రైతు ఒకాయన చెవిలో తీగ పెట్టుకుని మాస్టారి పాఠమే వింటున్నాడు. ఆయన డిగ్రీ కట్టలేదట. "పరీచ్చ నేని సదువు బాబూ, అంత హాయి ఇంకోటి నేదు" అన్నాడు నాతో.

నేను తల దించుకుని చెప్పేశాను. "సార్, మీరు ప్రశ్న అడిగి ఆగేదంతా నేను కోసేశాను."

"ఎన్నింట్లో?"

"ఐదింట్లోనూ."

"అసలుది ఉందా?"

"లేదు సార్. తుడిచేశాను."

ఆయన కళ్ళు మూసుకున్నారు. మిషను తిరుగుతున్న చప్పుడు. నిద్రపోయారేమో అనుకున్నాను. కళ్ళు తెరవకుండానే మాట్లాడారు.

"సిన్నప్పుడు సండే స్కూల్లో మా మేనత్త సెప్పీది. ప్రశ్న అడిగీసి, కొంగు మడత పెడతా కూకునీది. పది మడతలు. ఎవుడూ పలక్కపోతే ఇప్పీసి మళ్ళీ మొదటి నుంచి మడత. అంతేగాని జవాబు తను సెప్పీది కాదు. ఆ పది మడతల్లో ఎంత భయమో, ఎంత ఆలోసనో. నాకు కొంగు నేదు గదా, మనసులో పది లెక్కెడతాను. ఆ జాగా నాది కాదు నాయనా. ఆలది. నాది కానిది నువ్వు కోసీసినావు."

కొబ్బరి రైతు చెవిలోంచి తీగ తీసి, "పెళ్ళిళ్ళు తీసీవోడికి పాఠమిత్తే అంతే మాస్టారూ. నయం, మధ్యలో డూయెట్టు ఎట్టనేదు" అన్నాడు. మాస్టారు నవ్వబోయారు. చెయ్యి కదులుతుందని నర్సు కసిరింది.

"నిశ్శబ్దం అతికిస్తాను సార్. ప్రశ్న ఉన్న ప్రతిచోటా పది సెకన్లు ఖాళీ పెడతాను. మీరు మళ్ళీ చెప్పనక్కరలేదు" అన్నాను. ఆయన శ్రమ మిగల్చాలనే నా తాపత్రయం.

"అతికించి సూడు" అన్నారు.

అతికించాను. ఒక పాఠం అలా తయారుచేసి కాంతమ్మకు వినిపించాను. "మాటిమాటికీ సిగ్నల్ పోతంది బాబూ" అంది. నేను పెట్టిన ఖాళీలో ఏమీ లేదు. ఆ గది గాలి లేదు, ఆయన కుర్చీ కిర్రుమనడం లేదు, వంటింట్లో అమ్మగారి గిన్నె చప్పుడు లేదు. ఫోను చచ్చిపోయినట్టుంది. మనిషి ఎదురుచూస్తూ ఊరుకున్నప్పటి నిశ్శబ్దం వేరు, ఏమీ లేకపోవడం వేరు. ఇరవై ఏళ్ళు ఈ పనిలో ఉండి నాకది తెలియలేదు.

అందుకని ఐదూ మళ్ళీ చెప్పారు. వానలు పడుతున్నాయి, కరెంటు ఉండుండి పోయేది. పాఠం సగంలో ఆగితే ఆయన కుర్చీలోనే తల వాల్చి పడుకునేవారు, కరెంటు రాగానే నేను లేపేవాణ్ణి. అలా లేపడం నాకిప్పటికీ గుర్తొస్తుంది. అమ్మగారు ఒకసారి గుమ్మంలో నిలబడి, "ఒక్కపాలి సెప్పింది సాలదేటి ఆలకి? కాయితం మీద ఉన్నాది గదా" అన్నారు. నా తప్పని మాస్టారు ఆవిడకి చెప్పలేదు. "మొదటిపాలి సరిగ్గా సెప్పనేకపోయాను" అన్నారు. నేను మైకు తీగ చుట్టుకుంటూ ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం మాత్రం నాదే.

నాలుగో పాఠం రెండోసారి చెప్పినప్పుడు, "తెలీదు" అన్నాక ఆయన పది దాటినా మాట్లాడలేదు. నేను మనసులో లెక్కపెడుతూనే ఉన్నాను. పందొమ్మిది దగ్గర రోడ్డు మీద లారీ హారన్ కొట్టింది. ఇరవై మూడు దగ్గర ఆయన మాట్లాడారు. ఆ హారన్ తీసేయనా అని అడిగాను. "ఉండనీ. బయట లోకం ఉన్నాదని తెలుత్తాది" అన్నారు.

మిగతా ఏడూ దసరా వెళ్ళాక మొదలుపెట్టాం. అప్పటికి ఆయన గొంతు సన్నబడింది. నలభై నిమిషాల పాఠానికి ఒక్కోసారి రెండు వారాలు పట్టేవి. చొక్కా వదులైంది, కాలరు మైకుకి తగులుతుంటే వెనక పిన్నీసు పెట్టేవాణ్ణి. ఎంత నీరసంగా ఉన్నా ప్రశ్న దగ్గర మాత్రం తల ఒక పక్కకి వంచి పూర్తిగా ఆగేవారు. "ఇది ఒకందుకు మంచిదోయ్, పాఠం సెప్తన్నట్టే ఉంటాది, ఆయాసమూ తీరతాది" అని నన్ను నవ్వించడానికి అన్నారొకసారి. నాకు నవ్వు రాలేదు.

చిన్న సంగతులు చాలా ఉన్నాయి. చాక్‌పీసు ముక్క ఎంత చిన్నదైనా పారేసేవారు కాదు, జేబులో వేసుకునేవారు. తీరం బొమ్మ ఎప్పుడు గీసినా భావనపాడు దగ్గర మొదలుపెట్టి పైకి, ఒడిశా హద్దు దగ్గరి డొంకూరు దాకా ఒక్క గీతలో వెళ్ళేవారు, తరువాతే కిందకి. నన్ను "చదువుకోలేదు" అని ఎవరైనా అంటే, "ఈడికి గురువు నేడు, అంతే" అనేవారు. నేను రోజూ పుస్తకంలో రాసుకుంటానని తెలిసి, "ఇయ్యాళ నా గురించి ఏటి రాసినావు?" అని అడిగేవారు. "పాఠం ఏడు, సగం, వాన" అని చూపిస్తే, "సాలు, నా సమాధి మీద కూడా ఇంతకంటే రాయొద్దు" అన్నారు.

పదకొండు పూర్తయ్యాయి. పన్నెండోది తుఫాను వెళ్ళిపోయాక తీరం ఎలా తిరిగి సర్దుకుంటుందో చెప్పే పాఠం. ఆ గురువారం ఇరవై నిమిషాలు చెప్పాక గోడకి చెయ్యి ఆనించి, "ఇయ్యాల్టికి సాలు. మిగతాది శనివారం సెప్తాను" అన్నారు. నాతో కాదు, కెమెరాలోకి చూసి, విద్యార్థులతో. శుక్రవారం పలాస వెళ్ళి వచ్చారు. శనివారం ఏం జరిగిందో మొదటే రాశాను.

ఆ ఐదు పాఠాలు రెండోసారి చెప్పించకపోతే పన్నెండూ ఎప్పుడో అయిపోయేవి. ఆయన కొన్నాళ్ళు ఊరికే కూర్చుని ఉండేవారు. ఈ లెక్క నేను చాలాసార్లు వేశాను. ఎటు నుంచి వేసినా అంతే వస్తోంది.

అంత్యక్రియలైన పది రోజులకు విశ్వవిద్యాలయం నుంచి పాఠాల పని చూసే ఆయన ఫోను చేశారు. మంచివాడే. "సగం పాఠం తీసుకోవడం కష్టమండీ. ఆయన గొంతు మీ దగ్గర గంటల కొద్దీ ఉంది కదా. ఆయన రాసిపెట్టిన నోట్సు ఇస్తే కంప్యూటరే ఆయన గొంతుతో మిగతాది చదివేస్తుంది. ఇప్పుడది పెద్ద పని కాదు" అన్నారు. పెద్ద పని కాదని నాకూ తెలుసు. పేపరు నిలవాలంటే పన్నెండూ ఉండాలి. మాస్టారు కోరుకున్నదీ అదే. అందుకే కాదనలేక అమ్మగారి దగ్గరికి వెళ్ళి అడిగాను. అడిగే ముందు, మొదటి ఐదూ రెండోసారి ఎందుకు చెప్పవలసి వచ్చిందో కూడా చెప్పేశాను.

"నాకు తెలుసు బాబూ. ఆయనకి అబద్ధం సెప్పడం రాదు గదా" అన్నారు. తరువాత, "ఆ మిషను ప్రశ్న అడిగితే ఆగుతాదేటి?" అని అడిగారు.

"ఎన్ని సెకన్లు ఆగమంటే అన్ని ఆగుతుందండి."

"మనం సెప్తే ఆగుతాది. ఆయనకి ఎవులూ సెప్పక్కర్నేదు." అంతే అన్నారు. లోపలికి వెళ్ళి మాస్టారి నోట్సు పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టారు.

పన్నెండో పాఠం సగమే ఎక్కించాను. మిగతా సగం ఆయన చేతిరాత పేజీలు ఫోటోలు తీసి, కింద అక్షరాలు నేనే కొట్టి పెట్టాను. ప్రశ్నలు ఉన్నచోట ఒక లైను ఖాళీ వదిలాను. "మిగతాది శనివారం అన్న మాట అయినా తీసేయండి, వినడానికి బాగోదు" అన్నారు విశ్వవిద్యాలయం ఆయన. నేను తీయలేదు. కొన్నాళ్ళు ఏమీ చెప్పలేదు వాళ్ళు. తరువాత పేపరు ఉంచుతున్నామని ఒక లైను రాశారు. ఆ లైను నా పుస్తకంలో రాసుకుని గీత కొట్టబోయి ఆగిపోయాను. ఆ పాఠాల ముడి రికార్డులు ఇప్పటికీ కంప్యూటరులోనే ఉన్నాయి. పెళ్ళిళ్ళకి చోటు చాలడం లేదు.

అచ్చక్షరాలు చదవగలుగుతున్నా మాస్టారి చేతిరాత చిన్న ఫోనులో సరిగా కనపడడం లేదని కాంతమ్మ అంటే, ఆ పేజీలు అచ్చు తీసి పట్టుకుని కిందటి వారం భావనపాడు వెళ్ళాను. ఎండ బాగా ఉంది. ఒడ్డున వలలు పరిచి వాటి మీద చేపలు ఆరబోశారు. కాంతమ్మ వంగి ఒక్కో వరసా తిరగేస్తోంది, నన్ను చూడలేదు. బోర్లించిన గంప మీద ఫోను. అందులోంచి మాస్టారి గొంతు. మూడో పాఠం, ఇసక నడక.

"సముద్రంలోకి అడ్డంగా గోడ కట్టినారనుకోండి. ఇసక ఏ పక్క పేరుకుంటాది? ఎందుకు?" అని అడిగి మాస్టారు ఆగారు.

కాంతమ్మ చేపలు తిరగేస్తూనే, "దచ్చినం పక్కన. ఎందుకంటే..." అని నడుం నిటారు చేసి సముద్రం వైపు చూసింది. ఇంతలో కాకి వాలితే చెయ్యెత్తి అదిలించింది.

"సెబాస్" అన్నారు మాస్టారు.

"అయ్యో, ఉండండి మాస్టారూ, కాకొచ్చింది. ఇంకా సెప్పనేదు" అంటూ ఆమె గబగబా గంప దగ్గరికి వచ్చి, ఉప్పుచేతిని చీరకి తుడుచుకుని, చిటికెన వేలితో పాఠాన్ని కొంచెం వెనక్కి లాగింది. మాస్టారు మళ్ళీ అడిగారు. మళ్ళీ ఆగారు.